పెట్టె నోట్లో బియ్యం

కోవిల్‌పట్టి
1934 మార్చి 20, మంగళవారం. పంగుని నెల 7.

ఈరోజు పనులు: ఆవు పాలు పితికి దూడను వదిలాను. ముందరి గది, నడవా అలికాను. కంబు సజ్జలు దంచి, చెరిగి, కుండలో పోశాను. మిరపకాయలు ఎండబోసి తొడిమలు తీశాను. మీ చిన్నయ్య వచ్చి కూర్చునే వాలుకుర్చీని గొడ్ల కొట్టంలో వేయించాను. అన్నీ అయ్యాయి. ఇక ఉత్తరమే మిగిలింది.

సౌభాగ్యవతి వళ్ళియమ్మాళును అమ్మ దీవించి రాస్తున్న సంగతులు. నువ్వూ, అల్లుడూ, చంటిదీ విరుదునగర్‌లో క్షేమమని నీ ఉత్తరం చూసి సంతోషించాను. ఇక్కడ నేనూ, ఆవూ, దూడా క్షేమం. ఇదివరకటి ఉత్తరాల్లో "మీ అయ్య మంచం మీద ఉన్నా క్షేమమే" అని రాస్తూ వచ్చాను. ఈసారి ఆ మాట రాయడం లేదు. చంటిదానికి పాలు పట్టి, మీ అత్తగారి చేతికిచ్చి, నువ్వు కూర్చుని చదువు.

ముందు నువ్వడిగిన చిన్న సంగతులు. చంటిది రాత్రి మేలుకుని పగలు నిద్రపోతోందని దిగులుపడ్డావు. నువ్వూ అలాగే చేశావు. మీ అయ్య నిన్ను భుజాన వేసుకుని నడవలో తిరిగేవారు. అప్పటికి ఇంకా బోర్డు లేదు కాబట్టి ఆయనకు ఇంట్లో నడవడానికి తీరిక ఉండేది. నేను పంపిన మిరపకాయలు ఎర్రగా లేవని మీ అత్తగారు అన్నారట. విళాత్తికుళం మిరపకాయకు రంగు తక్కువే. ఒకటి కొరికి చూసి, తరువాత రంగు గురించి మాట్లాడమను.

మీ చిన్నయ్య చెల్లసామి "వదినకు మతి చలించింది, వచ్చి తీసుకుపొండి" అని అల్లుడికి తంతి కొట్టాడని విన్నాను. అది ఆదివారం మధ్యాహ్నం ఇచ్చిన తంతి. అదే రోజు సాయంత్రం తాను ఏమి చేశాడో దానికి తంతి ఇచ్చి ఉండడు. అది నేను రాస్తాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. విరుదునగర్ మైదానంలో బోర్డు కూట్టం జరిగిందనీ, ఆ సభలో పాపనెత్తుకుని వరుసలో నిలబడ్డావనీ, నీ వంతు వచ్చాక "అయ్యా, నేను వళ్ళిని, నీ మనవరాలికి ఒక పేరు చెప్పు" అని పెట్టెను అడిగావనీ రాశావు. అయ్య గొంతే వచ్చింది. కానీ అరవంలో వచ్చింది. "మనువు కుడుత్తుట్టు పోంగమ్మా, గవనిక్కిరోం" అంది. అర్జీ ఇచ్చి వెళ్ళమ్మా, గమనిస్తాం అని, కన్నకూతురికి జవాబు! "అయ్య నాతో పుట్టిన నాటినుంచీ ఒక్కసారైనా అరవంలో మాట్లాడాడా? నా మీద అంత కోపమేమమ్మా?" అని అడిగావు. ఆ చోట సిరా అలుక్కుపోయి ఉంది.

కోపం లేదు, వళ్ళీ. కోపపడడానికి మీ అయ్య లేరు. పోయిన ఐప్పసి నెలలో, వాన పట్టిన మరుసటి ఉదయం, కంబు కూడు తిని చేయి కడుక్కుంటూ ఉండగా తొట్టి పక్కనే కూలిపోయారు. నేను వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకునేలోపే అయిపోయింది. నువ్వు మాట్లాడింది మీ అయ్యతో కాదు, ఒక ఇత్తడి కొమ్ముతో.

ఇది నాలుగు నెలలు దాచాను. అప్పుడు నీకు ఏడో నెల, మొదటి కాన్పు. అదొకటి. రెండోది, నా ఉత్తరాలన్నీ మీ చిన్నయ్య చదివి అంటించి పంపేవాడు. నేనేమి రాసినా నీకు చేరేది "క్షేమం" ఒక్కటే.

ఆ ఉదయం అతను బోర్డు మనుషులు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి తలుపు గడియ పెట్టాడు. బోర్డు ఎన్నికకు ఇరవై రోజులు కూడా లేవు. ఏ ఊరికి బావి, ఏ ఊరికి బాట, ఏ రైతుకు విత్తనం అని తేల్చేది ఆ బోర్డే. మీ అయ్య దానికి పన్నెండేళ్ళు పెద్దగా ఉన్నారు. ఆయన పేరు లేకుండా ఈ ముగ్గురికీ వాళ్ళ సొంత వీధిలో ఓటు పడదు.

"వదినా, సత్తం పెట్టబాకు" అన్నాడు.

"మీ అన్న పోయినాడు రా."

"పోలే. ఎలక్సన్ అయ్యేదాకా పోలే. ఆమీద పోనీ."

"ఉసురు లేదు, చూడు."

"ఉసురు లేకుంటే ఏమి వదినా? పన్నెండేళ్ళు బోర్డు ఉసురుతోనా నడిచింది?"

తానేమి ఒప్పుకున్నాడో అతనికి తెలియలేదు. తెలిసేంత బుర్ర ఉంటే తానే బోర్డు పెద్ద అయ్యేవాడు.

నేను గొంతెత్తి ఏడిస్తే పక్కింటి ముత్తుప్పేచ్చి అవ్వకు వినిపిస్తుందని నన్ను వెనక గదిలో కూర్చోబెట్టారు. నేను ఏడవలేదు. జొన్నలు ముందేసుకుని తిరగలి తిప్పాను. ఆ రాయి చేసిన చప్పుడే మీ అయ్యకు జరిగిన ఏడుపు. ఆయనను పత్తి మూటల కింద పెట్టి, పట్టపగలు, సంత వీధిలోంచే బండి తోలించారు. విళాత్తికుళం అవతల మన కరిసల్ నల్లరేగడి చేలో పూడ్చారు. స్నానం లేదు, శవం మీద కప్పే కొత్త కోడి గుడ్డ లేదు, నోట్లో గుప్పెడు బియ్యం వేసినవాళ్ళు లేరు. ఆ వాయికరిసి లేకుండా బిచ్చగాణ్ణి కూడా ఈ ఊరు సాగనంపదు. బోర్డు పెద్దకు ఆ పాటి జరగలేదు.

పెట్టె సంగతి చెప్పాలి. వెంకటసుబ్రమణియన్ అని, సీమకు వెళ్ళి చదివివచ్చిన ఇంజినీరు. రెండేళ్ళు మీ అయ్య వెంట తిరిగి ఆయన ప్రసంగాలన్నీ మైనపు గొట్టాల మీద పట్టాడు. బీరువా అంత పెట్టె, లోపల ఆ గొట్టాలు, తీగలు, వెలిగే గాజు బుడ్లు, పళ్ళచక్రాలు. ముందు తామర పువ్వులా విచ్చుకున్న ఇత్తడి కొమ్ము. మనిషి అడిగినదాంట్లో బావి అన్న మాట వినబడితే బావి గొట్టాలు తిరుగుతాయి, బాట అంటే బాటవి. ముక్కలు ఏరి అతికించి మీ అయ్య గొంతుతోనే జవాబు చెబుతుంది. ఆడ గొంతైతే చివర అమ్మా అంటుంది, మగ గొంతైతే అయ్యా అంటుంది. తెలియని మాట వినబడితే "మనువు కుడుంగ, గవనిక్కిరోం" అంటుంది. పన్నెండేళ్ళలో మీ అయ్య ఎక్కువసార్లు అన్నది అదే కాబట్టి ఆ గొట్టాలు బాగా పలుకుతాయని ఇంజినీరు నాకు సంతోషంగా చెప్పాడు. మీ అయ్యను అతను తలైవర్, అంటే నాయకుడు, అనేవాడు.

"ఇంక తలైవరికి చావు లేదమ్మా. నూరేళ్ళకు సరిపడే పతిలు దీంట్లో ఉండాది. ఏమడిగినా జవాబే."

"కూట్లో ఉప్పు తక్కువైతే చెప్తాదా?" అని అడిగాను.

"అది బోర్డు విసయం కాదమ్మా."

మీ అయ్యకు ఛాతీ జబ్బు, అంటుకునే రకం, ఇంట్లో మంచం మీదనుంచి తీగ ద్వారా పెట్టెలోకి మాట్లాడుతున్నారు అని దండోరా వేయించారు. నిన్ను రావద్దని రాయించింది అందుకే. రోజూ బోర్డు ఖర్చుతో నాకు మూర పూలు వచ్చేవి, తల్లో పెట్టుకుని వాకిట్లో కనబడాలి. కుంకుమ దిద్దుకోవాలి. మూడు పూటలా "తలైవరి సాప్పాడు" అని ఆకు వేసి వడ్డించి లోపలి గదిలోకి తీసుకుపోవాలి. లోపల మీ చిన్నయ్య కూర్చుని తినేవాడు. కారం ఎక్కువైందని వంక కూడా పెట్టేవాడు.

జనాన్ని కూడా నేను వెనకేసుకు రాను. మొదటి నెల నమ్మారేమో. తరువాత తెలిసినవాళ్ళకు తెలుసు. మంచం మీద మనిషికి దగ్గు రాదా, నిద్ర రాదా, ఒక్కసారైనా విసుగు రాదా? అయినా సాత్తూరు నుంచి, వెంబకోట్టై నుంచి బళ్ళు కట్టుకుని వచ్చి కొమ్ము ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బావి దగ్గర ముత్తుప్పేచ్చి అవ్వ నాతోనే అంది: "పెట్టి అయినా వెంటనే పతిలు చెప్తాదే తల్లీ. ముందు మీ ఇంటాయన ముకం చూసేదానికే మూడు నాళ్ళు కాసుకోని ఉండాల్సి వచ్చె." ఆమెకు తెలుసని అప్పుడే అర్థమైంది. నేను చేద పైకి లాగి, నీళ్ళు పోసుకుని వచ్చేశాను.

కార్తికలో ఎన్నిక జరిగింది. బతికి ఉండగా ఎప్పుడూ పడనన్ని ఓట్లు మీ అయ్యకు పడ్డాయి. మీ చిన్నయ్య పటాసులు కాల్పించాడు. చేలో ఆయన మీద అప్పటికి పత్తి మొలకెత్తి ఉంది. ఎవరూ తవ్వకుండా ఉండడానికి అతనే విత్తించాడు.

నీ ఉత్తరం పోయిన గురువారం వచ్చింది. మీ చిన్నయ్య మదురైలో ఉన్నాడు కాబట్టి టపామనిషి నా చేతికే ఇచ్చాడు. పూలు పెట్టుకున్నాను, ఆకులు వేశాను, అవన్నీ ఓర్చుకున్నాను. కానీ నా కూతురినే అర్జీ అడిగిందా ఆ కొమ్ము? ఆ రాత్రే బియ్యం కొలిచి విడిగా తీసి పెట్టాను.

ఆదివారం ఇక్కడ సంత. సంత వీధి మధ్యలో వేదిక కట్టి, పెట్టెను ఎక్కించి, గెలుపు కూట్టం పెట్టారు. తలైవరి భార్య వచ్చి మాల వేయాలని నోటీసుల్లో అచ్చు వేయించారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. కొంగు చివర మూట ఉంది.

"వదినా, మాల వెయ్యి, దండం పెట్టు, దిగు. పేసబాకు" అన్నాడు మీ చిన్నయ్య.

"పేసను" అన్నాను. నోరు విప్పనన్న ఆ మాట నిలబెట్టుకున్నాను.

మాల వేశాను. కొంగు విప్పాను. పిడికెడు బియ్యం తీసి, చేయి తిరగేసి, శవం నోట్లో వేసినట్టే కొమ్ములో వేశాను. మళ్ళీ పిడికెడు. మళ్ళీ పిడికెడు. ఆగి, ఇంకొకటి. సంతలో అందరికీ కనబడేలా, తొందరపడకుండా వేశాను. గింజలు లోపలికి జారి చక్రాల్లో పడిన చప్పుడు నాకు వినబడింది. పెట్టె "గవనిక్కి... గవనిక్కి..." అని మెతుకు అడ్డం పడినవాడిలా కొట్టుకుని ఆగిపోయింది. ఇంజినీరు పరుగెత్తుకొచ్చి కొమ్ములో చేయి పెట్టాడు, మోచేతి దాకా ఇరుక్కుంది.

"వదినకు పిచ్చి పట్టింది! దింపండి!" అని మీ చిన్నయ్య అరిచాడు.

ఎవరూ కదలలేదు. ముందువరసలో ముత్తుప్పేచ్చి అవ్వ లేచి, కొప్పు విప్పి, రొమ్ము మీద కొట్టుకుంది. "ఓ నా సామీ, నీకు ఇన్నాళ్ళకా వాయికరిసి!" అని రాగం ఎత్తింది. అది విని ఆడవాళ్ళు వేదిక చుట్టూ కూర్చుని భుజాలు కలిపారు. తెలిసి నోరు మూసుకున్నవాళ్ళే గట్టిగా ఏడ్చారు. ఏడవనీ అనుకున్నాను.

నేను వేసింది బియ్యం మాత్రమే. మిగతాది ఊరు తానే చేసుకుంది. వాయికరిసి పడ్డాక అది శవం. శవం ఉన్న వీధిలో పొయ్యి వెలగదు. కాఫీ క్లబ్బు తంగసామి చెంబెడు నీళ్ళు తెచ్చి తన పొయ్యిలో పోశాడు. వడలు వేసేవాళ్ళు మూకుడు దించారు. ఇళ్ళల్లో సగం ఉడికిన కుండలు దించారు. సంతకు వచ్చిన ఊళ్ళ జనమంతా ఆకలితో వీధిలోనే నిలబడింది. శవం లేవకుండా కూడు లేదు. మీ చిన్నయ్య ఆ మధ్యాహ్నమే అల్లుడికి తంతి కొట్టడానికి వెళ్ళాడు. వచ్చేసరికి అతనికీ కాఫీ దొరకలేదు.

కూలీలను పిలిచి పెట్టెను బండి ఎక్కించమన్నాడు. వాళ్ళు దూరంగా నిలబడ్డారు.

"ముందు సొంత బుజం పడాల సామీ. ఆమీద మేము పడతాం" అన్నాడు వాళ్ళల్లో పెద్దాయన.

"ఒరే, ఇది మిసను రా! వట్టి మిసను!"

తంగసామి తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "మిసనా సామీ? అట్లయితే ఎలక్సన్‌లో గెలిచింది ఎవరు?"

సంత అంతా మీ చిన్నయ్య ముఖం చూసింది. మిషను అంటే గెలుపు పోయింది. అన్న అంటే అన్న చనిపోయాడని ఒప్పుకున్నట్టే, అప్పుడూ గెలుపు పోయింది. రెండువైపులా తలుపు మూసుకుందని అతనికి అర్థం కావడానికి సాయంత్రం నాలుగు దాటింది. అతని బుర్రను నేను ఇరవై ఏడేళ్ళుగా చూస్తున్నాను, ఇంకా ఆలస్యం అవుతుందనుకున్నాను. బోర్డు మనుషులిద్దరూ అప్పటికే సాత్తూరు బస్సు ఎక్కేశారు.

చివరికి "అన్న పోయినాడు" అన్నాడు. ఎవరికీ వినబడలేదని ముత్తుప్పేచ్చి అవ్వ మళ్ళీ చెప్పించింది. కొడుకు లేని మనిషికి తమ్ముడే కొరివి. పట్టు కండువా తీయించి, తలమీద చెంబుతో నీళ్ళు గుమ్మరించి, భుజాన నీళ్ళకుండ పెట్టారు. పెట్టె చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. చుట్టుకొక చిల్లి పొడిచారు, నీళ్ళు అతని వీపు మీద కారాయి. వెనక్కి చూడకుండా కుండ పగలగొట్టాడు. ఆ తరువాతే కూలీలు భుజం పట్టారు. పెట్టెను శ్మశానంలో కాల్చారు. మైనం కదా, బాగా మండిందట. మర్నాడు మంత్రిగారికి వెళ్ళే ఉత్తరంలో "ఎన్నిక రద్దు చేయవలసింది" అని బోర్డు గుమాస్తాయే రాసి, మీ చిన్నయ్య చేత వేలిముద్ర కాదు, సంతకమే పెట్టించాడు.

నిన్న పాలు పోయడానికి చేలోకి వెళ్ళాను. చోటు మీ చిన్నయ్యే చూపించాలి కాబట్టి బండిలో నాకు ఎదురుగా కూర్చుని, దారి పొడుగునా కాళ్ళ వేళ్ళు చూసుకుంటూ వచ్చాడు. ఆ చోట పత్తి మిగతా చేను కంటే గుబురుగా ఉంది, కాయలు పగిలి తెల్లగా ఉంది. చేతికి అందినంత కోసుకొచ్చాను. ఇప్పుడు నేను రాస్తున్న దీపంలో ఒత్తి దానిదే.

ఇక నీకు చెప్పకుండా దాటేద్దామనుకున్న సంగతి ఒకటి ఉంది. పైన అంతా చదివి, అమ్మ మాత్రం మోసపోలేదు, నేనే కొమ్ము ముందు నిలబడి అయ్యా అని పిలిచానే అని నువ్వు కుమిలిపోతావు. అందుకని రాస్తున్నాను. కార్తికలో ఒక మధ్యాహ్నం పెట్టెను మన నడవలో ఉంచి ఇంజినీరు భోజనానికి వెళ్ళాడు. ఇంట్లో ఎవరూ లేరు. నేను వాకిలి చూసి వచ్చి, కొమ్ము దగ్గర వంగి, "తింటిరా?" అని అడిగాను. మన మాటలోనే అడిగాను. ఆయన తల నేనే ఒళ్ళో పెట్టుకున్నాను, ఊపిరి లేదని నేనే చూశాను, అయినా అడిగాను. అడిగి కాచుకున్నాను. లోపల చక్రాలు చాలాసేపు తిరిగాయి. తిరుగుతున్నంతసేపూ నేను ఊపిరి పట్టుకుని ఉన్నాను. తరువాత "మనువు కుడుత్తుట్టు పోంగమ్మా" అంది. వెళ్ళి గిన్నెలు తోముకున్నాను. కాబట్టి ఈ విషయంలో నీకూ నాకూ తేడా లేదు.

ఆ పెట్టెకు తెలుగు రాకపోవడానికి కారణం, మీ అయ్య తెలుగులో ఒక్క ప్రసంగం కూడా చేయలేదు. తెలుగులో ఆయన ఉప్పు అడిగారు, తువ్వాలు అడిగారు, నన్ను తిట్టారు, నిన్ను నిద్రపుచ్చారు. ఆ గొట్టాలు ఎవరూ పట్టలేదు, అవి ఎవరికీ అక్కర్లేదు. చివరి రోజు ఉదయం కూడు తింటూ ఆయన అన్న మాట ఇదీ: "వళ్ళికి కొత్త చెనక్కాయలు పంపినావా? కడుపుతో ఉండే బిడ్డ, ఆశ పడతాది." పంపుతానన్నాను. లేచి చేయి కడుక్కోవడానికి వెళ్ళారు. నీ మీద కోపం ఉందో లేదో నువ్వే తేల్చుకో.

పాప పేరు నువ్వూ అల్లుడూ కలిసి పెట్టుకోండి. దానికి ఏ పెట్టెనూ, ఏ పెద్దమనిషినీ అడగవద్దు. పదహారో రోజుకు పాపను తీసుకుని రా. తాళి తీసే వేళకు నువ్వు నా పక్కన ఉండాలి. మీ మేనమామ పుట్టింటి కొత్త కోడి చీర తెస్తానని కబురు చేశాడు. చెనక్కాయలు వచ్చినప్పుడు ఇస్తాను, ఇక్కడే కూర్చుని తిను. మళ్ళీ ఎన్నిక వైకాసి నెలలోనట. మీ చిన్నయ్య నిలబడతాడట. ఈసారి తన గొంతుతోనే మాట్లాడాలి కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
అళగమ్మాళ్.

వెనకవైపు రాసుకున్నది: కొమ్ములో వేసిన నాలుగు పిడికిళ్ళలో మూడు నావి. చివరిది కూతురు తండ్రికి వేయవలసినది, నీకు బదులుగా నేను వేశాను. మీ అయ్యకు నువ్వు పడిన బాకీ తీరింది.